నాలుగు రంగాలూ నచ్చాయి, పీహెచ్‌డీ దేనిలో చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్‌తో డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. ఖగోళ భౌతికశాస్త్రం, సూపర్‌కండక్టివిటీ (బాగా చల్లబరిస్తే కరెంటుకు నిరోధం పూర్తిగా పోయే గుణం), సాఫ్ట్‌వేర్ మోడలింగ్, ఈ మధ్య ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తులతో వివాదం తేల్చుకోవడం) చట్టం... ఏ పేపరు చదివితే అందులోనే పీహెచ్‌డీ అంటోంది. ఈలోగా ఒక జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది. ఈ నాలుగు అంశాల మీదా వ్యాసాలు వేస్తారట, రుసుము కడితే వారంలో ప్రచురిస్తారట. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ మెయిల్ సంగతి. డబ్బు కట్టకండి. పేరున్న ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగల) జర్నళ్లు కూడా రుసుము తీసుకుంటాయి. కానీ సమీక్షకులు చదివి, ప్రశ్నలు వేసి, సవరణలు చేయించి, వ్యాసాన్ని అంగీకరించాకే. దానికి సాధారణంగా నెలలు పడుతుంది. నక్షత్రాల మీద వ్యాసాన్నీ, చట్టం మీద వ్యాసాన్నీ ఒకే సంపాదకవర్గం వారంలో తేల్చేస్తానంటే అక్కడ సమీక్ష జరగడం లేదన్నమాట. అక్కడ అచ్చయిన పేపరును చూసి అడ్మిషన్ కమిటీ మెచ్చుకోదు, అనుమానిస్తుంది.

ఇక రంగం ఎంపిక. అంశం ఎంత ఆకర్షణీయంగా ఉందో చూసి నిర్ణయించుకోవద్దు. అక్కడ రోజువారీ పని ఏమిటి, ఒక మాట నిజమని ఒప్పించాలంటే ఏం చూపించాలి, ఈ రెండూ చూడాలి. పేపర్లు చదివితే ఇవి తెలియవు. పాత ఫలితం ఒకటి తీసుకుని తన చేత్తో మళ్లీ రాబట్టి చూస్తే తెలుస్తాయి. ఒక్కో రంగానికి మూడు వారాంతాలు చాలు.

ఖగోళ భౌతికంతో మొదలుపెట్టమనండి, డేటా ఉచితం. నక్షత్రాల స్థానాలు, దూరాలు కొలిచిన గైయా ఉపగ్రహం మూడో విడుదల డేటా 2022 జూన్‌లో వచ్చింది, అందులో దాదాపు 180 కోట్ల ఖగోళ వస్తువులున్నాయి. కృత్తికల గుంపు తీసుకోవాలి. ఆకాశంలో స్థానాన్ని చెప్పే రెండు కోణాలు, రైట్ అసెన్షన్ 56.75, డెక్లినేషన్ 24.1 డిగ్రీలు కేంద్రంగా 2 డిగ్రీల వ్యాసార్ధంలో, పారలాక్స్ (భూమి సూర్యుని చుట్టూ తిరగడం వల్ల నక్షత్రం స్థానంలో కనిపించే చిన్న మార్పు, దూరం పెరిగేకొద్దీ తగ్గుతుంది) 6.9 నుంచి 7.8 మిల్లీ ఆర్క్‌సెకన్ల (ఒక్కోటి డిగ్రీలో 36 లక్షల వంతు) మధ్య ఉన్నవాటిని దించుకోవాలి. వాటిలో గుంపుతో కలిసి కదిలేవే ఉంచాలి. ఆ కదలిక ఏడాదికి తూర్పుకు సుమారు 20, దక్షిణానికి సుమారు 45 మిల్లీ ఆర్క్‌సెకన్లు. రంగును అడ్డంగా, ప్రకాశాన్ని నిలువుగా పెట్టి గ్రాఫ్ గీస్తే ఎక్కువ నక్షత్రాలు వరుసగా పడే పట్టీ, అంటే ప్రధాన శ్రేణి, కనబడుతుంది. సగటు పారలాక్స్ 7.4 దాకా వస్తుంది. 1000ని దానితో భాగిస్తే దూరం సుమారు 135 పార్సెక్‌లు (ఒక పార్సెక్ అంటే సుమారు 3.26 కాంతి సంవత్సరాలు).

చాలామంది తప్పటడుగు వేసేది ఆ భాగహారం దగ్గరే. ఆకాశంలో ప్రతి నక్షత్రానికీ అదే వాడేస్తారు. కొలతలో దోషం ఎక్కువగా ఉన్న మసక నక్షత్రాలకు అది తప్పు దూరం ఇస్తుంది. కొన్నింటి పారలాక్స్ రుణ సంఖ్యగానే ఉంటుంది. పారలాక్స్ తన దోషానికి కనీసం 10 రెట్లున్న నక్షత్రాలే ఉంచితే గ్రాఫ్ శుభ్రంగా కనిపిస్తుంది, కానీ మసకవి జారిపోతాయి. ఏవి జారిపోయాయి, వాటితోపాటు మన ముగింపు ఎటు ఒరిగింది అన్నది పట్టుకోవడమే ఈ రంగంలో అసలు పని. నక్షత్రాన్ని వేడిచేసి మళ్లీ కొలవలేం కదా.

సూపర్‌కండక్టివిటీలో వేడిచేయవచ్చు, మళ్లీ మళ్లీ చేయాలి కూడా. 1911లో పాదరసం 4.2 కెల్విన్ (సుమారు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్) దగ్గర నిరోధం కోల్పోయింది. 1987లో వచ్చిన యిట్రియం బేరియం కాపర్ ఆక్సైడ్‌కు ఆ హద్దు 92 కెల్విన్ దాకా ఉంది కాబట్టి 77 కెల్విన్‌లో మరిగే ద్రవ నైట్రోజన్ సరిపోతుంది. కాలేజీ ల్యాబ్‌లో, అధ్యాపకుల పర్యవేక్షణలో దీన్ని తయారుచేయవచ్చు. ఇంట్లో మాత్రం వద్దు, బేరియం కార్బొనేట్ విషం. 10 గ్రాముల మిశ్రమానికి యిట్రియం ఆక్సైడ్ 1.51, బేరియం కార్బొనేట్ 5.29, కాపర్ ఆక్సైడ్ 3.20 గ్రాములు. బాగా నూరి, 930 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి కాల్చి, మళ్లీ నూరి మళ్లీ కాల్చి, బిళ్లగా నొక్కి, ఆక్సిజన్ ప్రవాహంలో మెల్లగా చల్లార్చాలి. తొందరపడి చల్లారిస్తే ఆక్సిజన్ లోపలికి చేరదు. బిళ్ల చూడ్డానికి బాగానే ఉంటుంది, సూపర్‌కండక్టర్ మాత్రం కాదు. నిరోధాన్ని నాలుగు తీగల పద్ధతిలోనే (కరెంటు పంపడానికి రెండు, వోల్టేజ్ చూడటానికి వేరే రెండు) కొలవాలి, లేకపోతే తీగల అతుకుల నిరోధమే మీటరులో కనిపిస్తుంది. నిరోధం పడిపోవడం ఒక్కటే చాలదు, అయస్కాంత క్షేత్రాన్ని బయటికి నెట్టడమూ చూపించాలి. 2023లో గది ఉష్ణోగ్రతలోనే సూపర్‌కండక్టర్ అని ప్రకటించిన ఎల్‌కే-99 అనే పదార్థం గురించి ప్రపంచమంతా ఆశపడింది. 100 డిగ్రీల సెల్సియస్ దాటాక అందులో కనిపించిన హఠాత్తు మార్పుకు కారణం కాపర్ సల్ఫైడ్ మాలిన్యమని తర్వాత తేలింది. పది బిళ్లలు పాడైనా పదకొండోది నూరే ఓపిక ఉంటే ఈ రంగం ఆమెదే.

సాఫ్ట్‌వేర్ మోడలింగ్ అంటే యూఎంఎల్ బొమ్మలు (ప్రోగ్రామ్ నిర్మాణాన్ని చూపే పటాలు) గీయడమనే అనుకుంటారు. పరిశోధన చాలావరకు నియమాలను కచ్చితంగా రాసి, యంత్రంతో తనిఖీ చేయించడంలో ఉంటుంది. అల్లాయ్ అనే ఉచిత పరికరంలో లైబ్రరీ పుస్తకాల అరువు నియమాలు రాయమనండి. ముందు 'రన్' ఆదేశం ఇచ్చి ఒక్క ఉదాహరణైనా పుడుతోందో లేదో చూడాలి. నియమాలు ఒకదానితో ఒకటి పొసగకపోతే ఉదాహరణే ఉండదు, అప్పుడు 'చెక్' (ఒక మాట ఎప్పుడూ నిజమేనా అని తనిఖీ చేసే ఆదేశం) అడిగినదల్లా సరైనదనే చెబుతుంది.

ఆర్బిట్రేషన్‌లో సాక్ష్యం అంటే ఒప్పందాలు, తీర్పులు, వాటి మీద వాదన. 1958 న్యూయార్క్ కన్వెన్షన్ (విదేశీ ఆర్బిట్రేషన్ తీర్పుల అమలుపై అంతర్జాతీయ ఒప్పందం) ఐదో అధికరణం, 1985 యూఎన్‌సిట్రాల్ (ఐక్యరాజ్యసమితి వాణిజ్య చట్ట కమిషన్) నమూనా చట్టం పక్కపక్కన పెట్టి, ఒక దేశంలో రద్దయిన అవార్డు (మధ్యవర్తుల తీర్పు) మరో దేశంలో అమలవుతుందా అన్న ప్రశ్నకు రెండు పేజీల జవాబు రాయమనండి. ఫ్రాన్స్ కోర్టులు అమలు చేశాయి, అందరూ అలా చేయరు. వాణిజ్య అవార్డుల్లో ఎక్కువ భాగం గోప్యం, బయటికొచ్చినవి చూసి మొత్తం గురించి తేల్చి చెప్పకూడదు. ఈ దారికి చాలా చోట్ల న్యాయశాస్త్ర డిగ్రీ అడుగుతారు, అంటే అదనంగా కొన్నేళ్లు. అది ఇప్పుడే లెక్కలో వేసుకోండి.

నాలుగూ కలిపే పీహెచ్‌డీ కోసం వెతకొద్దు. రెండు కలిసే చోట్లు మాత్రం నిజంగానే ఉన్నాయి. చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపు రిసీవర్లలో ఎక్కువ భాగం సుమారు 4 కెల్విన్ దగ్గర సూపర్‌కండక్టర్లతో పనిచేస్తాయి. ఫిజిక్స్, కోడింగ్ రెండూ వచ్చినవారికి డిటెక్టర్లు, డేటా ప్రాసెసింగ్ వైపు నాకు ఎక్కువ అవకాశం కనిపిస్తోంది.

ఈ ప్రయత్నాలయ్యాక ఏ పని ఆమెను మళ్లీ కూర్చోబెట్టిందో ఆ రంగం అధ్యాపకులకు మెయిల్ రాయాలి. 'చాలా ఆసక్తి ఉంది' అనే మాట అక్కర్లేదు. ఏ ఫలితాన్ని తిరిగి రాబట్టింది, తనకు ఎంత వచ్చింది, మూల పేపరులో ఎంత ఉంది, తేడా ఎందుకొచ్చిందనుకుంటోంది అని ఐదారు వాక్యాలు రాసి, గ్రాఫూ కోడూ జతచేసి పంపమనండి.