ఆరో అంతస్తు గదికి కెమెరా మోసే ముందు

చిరంజీవి మేనకోడలికి,

స్క్రిప్టు రెండుసార్లు చదివాను. ముద్రణ చిత్రకళ నేర్చుకోవడానికి పారిస్ వెళ్లి అద్దె కట్టలేక తిప్పలు పడే చిత్తూరు కుర్రాడు, కింద బేకరీలో పనిచేసే పిల్ల. జంట బాగుంది. కానీ మొదటి నలభై పేజీల్లో వాడు పేదవాడని ముగ్గురు చెప్పారే తప్ప, నాకు ఒక్కసారీ కనబడలేదు. మాసిన గడ్డం, కిటికీ పక్కన నిట్టూర్పు పేదరికం కాదమ్మా. వాడి జేబులో ఎన్ని యూరోలున్నాయో ప్రతి సీను నెత్తిన రాసుకో. దుకాణంలో బొమ్మ చెక్కే రాగి రేకును ఒకసారి నిమిరి, ధర చూసి, జింకు రేకు కొనుక్కుని బయటికి రానీ. ఆ ఒక్క షాటు చాలు, సంభాషణ అక్కర్లేదు.

వాడి పని కూడా చూపించు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన ముద్రణ చిత్రకారుడు కృష్ణారెడ్డి పారిస్‌లో హేటర్ అనే కళాకారుడు నడిపిన ముద్రణశాల అటెలియే 17లో పనిచేసి, ఒకే రేకు మీద అనేక రంగులు అద్దే పద్ధతిని పెంచి పోషించినవాడు. నీ హీరోకి అంతకన్నా మంచి గురుపీఠం లేదు. ఆ పద్ధతిలోనే నీకొక హాస్య సన్నివేశం దాక్కుని ఉంది. నూనె ఎక్కువ కలిపిన పలచటి సిరాను గట్టి రోలరుతో ముందు రేకు ఎత్తుల మీద పూయాలి. తరువాత మెత్తటి రోలరుతో చిక్కటి సిరా పూస్తే అది పల్లాల్లోకి దిగుతుంది, ముందు పూసిన రంగు మీద మాత్రం అంటదు. వరుస తిరగబడితే రెండూ కలిసి బురదే. సాయం చేస్తానని వచ్చిన బేకరీ పిల్ల తప్పు రోలరు ముందు అందుకోనీ. మూడు వారాల కష్టం పాడైనా కోప్పడలేని వాడి ముఖం చూపించు. ప్రేమ అక్కడే మొదలవుతుంది, ఈఫిల్ టవర్ కింద కాదు. అన్నట్టు, ఆ టవర్ రాత్రి దీపాలకు హక్కులున్నాయి. అనుమతి లేకుండా వాటిని సినిమాలో పెడితే చిక్కు.

నీ స్క్రిప్టులో నాకు బాగా నచ్చింది మాత్రం నువ్వు పట్టించుకోకుండా వదిలేసినది. ఫ్రెంచిలో మన మీరు, నువ్వు లాగే వూ, త్యూ ఉన్నాయి. వాడు తరగతి పుస్తకం పట్టుకుని అందరినీ మీరు అంటాడు, పావురాలను కూడా. ఆ పిల్ల ఒకరోజు రొట్టె అందిస్తూ మామూలుగా నువ్వు అంటుంది. వాడు చిల్లర లెక్క మరిచిపోతాడు. ఇంగ్లీషు ఉపశీర్షికల్లో ఇది చచ్చిపోతుంది, తెలుగు ఉపశీర్షికల్లో మాత్రం బంగారం. సినిమా మధ్యకు దీన్నే మలుపుగా పెట్టుకో. ఆ విమానాశ్రయం పరుగు తీసెయ్యి.

ఇక గది. పాత మేడల పై అంతస్తుల్లో ఒకప్పుడు పనివాళ్లకిచ్చిన గదులు తొమ్మిది చదరపు మీటర్లు ఉంటే గొప్ప, లిఫ్టు ఉండదు. లోపల ట్రైపాడ్ పెడితే నటులకు చోటుండదు. కెమెరాను మెట్ల మీద నిలబెట్టి తలుపులోంచి తియ్యి, ఇద్దరినీ ఒకే ఫ్రేములో ఉంచు. కుర్రతనంలో నేను ఎడిట్ చేసిన ఒక సినిమాలో మంచి జోకు దగ్గర హీరో క్లోజప్‌కు కట్ చేశాను. హాలంతా నిశ్శబ్దం. జనం నవ్వాల్సింది ఎదుటివాడి ముఖం చూసి, వాణ్ణే నేను తీసేశాను.

వీధుల్లో డబ్లిన్ వాళ్ల దారి నేర్చుకో. ఐర్లండ్ దర్శకుడు జాన్ కార్నీ అక్కడ 'వన్స్' సినిమాను 17 రోజుల్లో తీశాడు. దారినపోయేవాళ్లు గమనించకుండా దూరం నుంచి పొడవు లెన్సుతో పట్టాడు. డబ్బు తక్కువైతే రోజులు తగ్గించుకో, సౌండ్ మనిషిని మాత్రం తగ్గించకు. ప్రతిచోటా అందరినీ మౌనంగా నిలబెట్టి మాటలేవీ లేని ఆ చోటి ఖాళీ శబ్దాన్ని అర నిమిషం రికార్డు చేయించు. ఎడిటింగ్ గదిలో దాని విలువ నాకు తెలుసు, నీకు తెలిసేసరికి పారిస్ ఖాళీ చేసి ఉంటావు.

హీరో అంట్లు తోముతూ కూనిరాగం తీసే ఆ పాత సినిమా పాట ఉందే, దానికీ హక్కులు కొనాలి. బదులుగా ఇంట్లో మీ అమ్మమ్మ పాడే దంపుళ్ల పాట పెట్టు. పల్లవి నా దగ్గర రికార్డయి ఉంది, ఆదివారం పంపుతాను.

మామయ్య