కరెంటు పెట్టేటప్పుడు ఆక్సిజన్ ఛాంబర్ అవసరమా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా నాన్నకు 61 ఏళ్లు. చుట్ట అలవాటు. నాలుక మొదట్లో కేన్సర్ అన్నారు. వచ్చే నెలలో 35 సిట్టింగులు కరెంటు (రేడియేషన్) పెడతారట, వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కేన్సర్ మందు ఎక్కిస్తారట. మా బావగారు ఒక వెల్‌నెస్ సెంటర్ సంగతి చెప్పారు. అక్కడ హైపర్‌బారిక్ ఆక్సిజన్ ఛాంబర్‌లో, అంటే పీడనం పెంచి ఆక్సిజన్ ఇచ్చే గదిలో, రోజూ గంట పడుకోబెడితే కరెంటు బాగా పనిచేస్తుందట. కట్టమంటారా డబ్బులు?
— ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: వద్దమ్మా.

అలాగని మీ బావగారు విన్నది ఉత్త గాలికబురేమీ కాదు. ఆక్సిజన్ అందని కణాన్ని చంపాలంటే రేడియేషన్ రెండున్నర నుంచి మూడు రెట్లు కావాలి. గడ్డ లోపల రక్తనాళాలకు దూరంగా పడిన కణాలు అలా ఊపిరాడకుండానే బతుకుతుంటాయి. అందుకే లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో చర్చిల్-డేవిడ్సన్ బృందం 1955లోనే రోగిని 3 అట్మాస్ఫియర్ల (మామూలు గాలి పీడనానికి మూడు రెట్లు) ఆక్సిజన్ తొట్టెలో పడుకోబెట్టి, అందులో ఉండగానే రేడియేషన్ ఇచ్చింది. తర్వాత రోగుల మీద జరిగిన పరీక్షల్లో తల, మెడ కేన్సర్లకు కొంత మేలు కనిపించిన మాట నిజమే. కానీ చాలావాటిలో డోసులు పెద్దవి, సిట్టింగులు తక్కువ. ఇప్పటి 35 సిట్టింగుల పద్ధతి కాదు. పైగా కొందరికి ఫిట్స్ వచ్చాయి, మంచి కండ కూడా ఎక్కువ దెబ్బతింది. అందుకే మామూలు వైద్యంలోకి రాలేదు.

మీకు చూపించిన సెంటర్‌లో ఆ మేలు కూడా దక్కదు. పొద్దున కరెంటు, సాయంత్రం ఛాంబర్ అంటే లాభం లేదు. బయటికొచ్చిన కాసేపటికే ఒంట్లో పెరిగిన ఆక్సిజన్ దిగిపోతుంది. జిప్పు వేసే మెత్తటి సంచిలాంటి ఛాంబరైతే దాని పీడనం 1.3 అట్మాస్ఫియర్ల దగ్గరే ఉంటుంది, ఆసుపత్రుల్లో 2 నుంచి 2.5 వాడతారు. సిస్‌ప్లాటిన్ ఎక్కుతున్న మనిషిని లోపల పెట్టడానికి ఆ వైద్యం తెలిసినవాళ్లే జంకుతారు.

ఆక్సిజన్ మీదే మీకు గురి ఉంటే ముందు చుట్ట మాన్పించండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్, రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ని పట్టుకుని ఆక్సిజన్‌కు చోటివ్వదు. మా దగ్గర కరెంటు పెట్టేటప్పుడు తొడిగే మాస్కు తీయగానే గేటు బయటికెళ్లి ముట్టించే పెద్దలున్నారు! మాన్పించడం కష్టమే, తెలుసు. హిమోగ్లోబిన్ ఎంతుందో కూడా అడగండి. పండగలనీ పెళ్లిళ్లనీ సిట్టింగులు ఎగ్గొట్టనివ్వకండి.

ఈ ఛాంబర్‌కు అసలు చోటు తర్వాతెప్పుడో ఉంది. పొత్తికడుపుకు కరెంటు పెట్టిన ఏళ్లకు మూత్రాశయంలోంచి రక్తం పడేవాళ్లకు మంచి ఫలితమే ఇస్తోంది. దవడ ఎముక చచ్చుబడితేనూ వాడతారు. పన్ను పీకేముందు ఛాంబర్‌లో పెడితే ఆ ఎముక జబ్బు రాదని చాలాకాలం నమ్మాం. 2019లో వచ్చిన హోపాన్ పరీక్షలో ఆ లాభం కనబడలేదు.

కాబట్టి కదిలే పళ్లూ పుచ్చు పళ్లూ ఉంటే ఈ వారమే డెంటల్ డాక్టరుకు చూపించండి. పీకిన చోట మానడానికి కనీసం పది పద్నాలుగు రోజులు కావాలి, కరెంటు దాని తర్వాతే. పదేళ్ల తర్వాత పన్ను పీకించుకున్నా సరే, దవడకు రేడియేషన్ పడిందని ముందే చెప్పాలని నాన్నగారికి ఇప్పుడే గట్టిగా చెప్పి ఉంచండి.