సైకిల్ తోసుకుంటూ వెళ్లినా కుదరదు

అమెరికాలోని కొలరాడో ట్రెయిల్ (కొండల మీదుగా సాగే పొడవాటి బాట) మీద సైకిల్ యాత్ర చేస్తూ, దారిలో వచ్చే లాస్ట్ క్రీక్ వైల్డర్‌నెస్‌లో (చట్టరక్షణ ఉన్న అడవి ప్రాంతం) సైకిల్ ఎక్కకుండా తోసుకుంటూ వెళ్తే డీటూర్ (చుట్టుదారి) తప్పుతుందా అని అడిగారు కదా. తప్పదండీ. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం వల్ల అక్కడ సైకిల్ తొక్కడం నిషేధం. దానికి తోడు అక్కడి అటవీ శాఖ (ఫారెస్ట్ సర్వీస్) నిబంధన ప్రకారం సైకిల్ వెంట ఉన్నా నేరమే. విడదీసి బ్యాగులో మోసినా అంతే!

కాబట్టి కొలరాడో ట్రెయిల్ వదిలి, 2002లో హేమన్ కార్చిచ్చుకు కాలిపోయిన అడవి మీదుగా టారియాల్ రోడ్డు పట్టుకుని జెఫర్సన్ అనే ఊరు చేరాలి. మొత్తం 100 కిలోమీటర్ల పైనే. మీ అసలు టెన్షన్ నీళ్లు కదా? కాలిన భాగంలో నీడే ఉండదు, వాగులనూ నమ్మలేం. అక్కడికి సీసాలన్నీ నింపుకునే దిగండి. టారియాల్ వాగు తగిలాక నీళ్లకు కొదవ లేదు. కాకపోతే చుట్టూ పశువులు మేస్తుంటాయి, ఫిల్టర్ చేయకుండా గుక్కెడు కూడా తాగొద్దు. ఒడ్డున చాలాచోట్ల ప్రైవేటు భూములే, కంచె దాటకండి.

జెఫర్సన్ నుంచి, మళ్లీ ట్రెయిల్ కలిసే కెనోషా కనుమ (ఎత్తు సుమారు 3,050 మీటర్లు) దాకా 285 హైవే ఎక్కాలి. దూరం కొంచెమే, కానీ నాకు నచ్చని ముక్క అదే. బండ్లు రయ్యిమంటూ పోతాయి. వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలిగించే ఉంచండి. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం పిడుగులు పడతాయి, ఆ ఎక్కుడు పొద్దున్నే ముగించండి.