పనిలోనే ఉన్నావుగా అని గ్రాట్యుటీ ఆపొచ్చా?

ప్రశ్న: బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో 2001 నవంబర్ 1 నుంచి లేత్ మెషీన్ మీద పనిచేశాను. 58 ఏళ్లు నిండాయని 2024 జూన్ 30న రిటైర్మెంట్ లెటర్ ఇచ్చారు. మర్నాటి నుంచే తక్కువ జీతానికి కాంట్రాక్టు కింద మళ్లీ పెట్టుకున్నారు. గ్రాట్యుటీ అడిగితే ‘ఇంకా పనిలోనే ఉన్నావుగా, మానేశాక ఇస్తాం’ అంటున్నారు. గట్టిగా అడిగితే ఉన్న పని కూడా పోతుందేమోనని టెన్షన్. చివరి బేసిక్, డీఏ కలిపి 18,000. – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆపకూడదు. రిటైర్మెంట్ లెటర్ ఇచ్చిన రోజే మీ పాత సర్వీసు ముగిసింది, గ్రాట్యుటీ బాకీ పడింది. మళ్లీ పెట్టుకోవడం వేరే ఒప్పందం. జీతం తగ్గించేటప్పుడు ‘కొత్త ఉద్యోగం’, గ్రాట్యుటీ దగ్గరికి వచ్చేసరికి ‘పాత ఉద్యోగమే’ అంటే కుదరదు. ఆ లెటర్ మాత్రం జాగ్రత్త, మీ కేసుకు ప్రాణం అదే.

2025 నవంబర్ 21 నుంచి కొత్త సామాజిక భద్రతా కోడ్ వచ్చింది కానీ, మీరు అంతకు ముందే రిటైరయ్యారు కాబట్టి 1972 గ్రాట్యుటీ చట్టమే వర్తిస్తుంది. ఏడాదికి 15 రోజుల జీతం, నెలను 26 రోజులుగా లెక్కించాలి. మీ సర్వీసు 22 ఏళ్ల 8 నెలలు. ఆరు నెలలు దాటితే పూర్తి ఏడాది కనుక 23. 18,000ను 26తో భాగించి, 15తో, 23తో హెచ్చిస్తే సుమారు 2,38,846 రూపాయలు. 30 రోజుల్లో ఇవ్వాల్సింది. ఇవ్వలేదు కనుక ఏడాదికి 10 శాతం సాధారణ వడ్డీ, అంటే నెలకు రెండు వేలకు కాస్త తక్కువ.

పని పోతుందన్న మీ భయం ఉత్తదని నేననను. కాంట్రాక్టు పొడిగించకపోతే అడ్డుకోవడం కష్టం. అందుకే ముందు మర్యాదగా, కానీ రాతపూర్వకంగా ఫారం ‘ఐ’ (గ్రాట్యుటీ కోరే దరఖాస్తు) నింపి యజమానికి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. ఆలస్యమైందన్న ఒక్క కారణంతో మీ హక్కు పోదు. అసలు మీరు అడగకపోయినా లెక్కకట్టి చెప్పాల్సిన బాధ్యత యజమానిదే. అప్పటికీ కదలకపోతే మీ ప్రాంతపు అసిస్టెంట్ లేబర్ కమిషనర్‌కు ఫారం ‘ఎన్’ (గ్రాట్యుటీ ఇప్పించమని కోరే దరఖాస్తు) ఇవ్వండి. దీనికి 90 రోజుల గడువుంది, మీకది దాటింది. ఆలస్యానికి కారణం రాసి మన్నించమని కోరాలి. ‘మానేశాక ఇస్తాం’ అని నమ్మించారని ఉన్నదున్నట్టు రాయండి. ఈలోగా బాకీలన్నీ తీరిపోయాయనే ‘ఫుల్ అండ్ ఫైనల్’ కాగితం ముందు పెడితే, డబ్బు చేతికి రాకుండా సంతకం చేయొద్దు.

మీరు అడగనిది ఒకటి: ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగుల పెన్షన్ పథకం) కింద పెన్షన్‌కు పెట్టుకున్నారా? 58 నిండాక, పదేళ్ల సర్వీసుంటే, పనిచేస్తూనే తీసుకోవచ్చు. పెట్టుకోకపోతే ఫారం 10డి ఇవ్వండి. మీ పీఎఫ్ ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఆధార్‌లో, పీఎఫ్ ఖాతాలో పుట్టిన తేదీ ఒకటేనో కాదో ముందే చూసుకోండి.