వీఎస్ కోడ్‌లోనే రెండు రకాల డేటాబేస్‌లు చూసుకోవచ్చా?

పోస్ట్‌గ్రెస్‌కు ఒక టూల్, మైఎస్‌క్యూఎల్‌కు ఇంకో టూల్ తెరవకుండా కోడ్ రాసుకునే ఎడిటర్ వీఎస్ కోడ్‌లోనే క్వెరీలు (డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశాలు) నడపొచ్చా అని అడిగారు. నడపొచ్చు. ఎస్‌క్యూఎల్‌టూల్స్ అనే ఎక్స్‌టెన్షన్ (వీఎస్ కోడ్‌కు అదనపు సదుపాయం చేర్చే చిన్న ప్రోగ్రామ్) వేసుకోండి. అదొక్కటే వేస్తే మాత్రం ఏ డేటాబేస్‌కూ కనెక్ట్ కాదు. కొత్తవాళ్లు ఆగిపోయేది ఇక్కడే. ఒక్కో డేటాబేస్‌కు దానితో మాట్లాడించే డ్రైవర్‌ను విడిగా ఇన్‌స్టాల్ చేయాలి, అదీ ఒక ఎక్స్‌టెన్షనే. తర్వాత కనెక్షన్ ఫారంలో పోర్ట్ (డేటాబేస్ కనెక్షన్ అందుకునే నంబర్) సరిచూసుకోండి: మామూలుగా పోస్ట్‌గ్రెస్‌కు 5432, మైఎస్‌క్యూఎల్‌కు 3306. క్వెరీని సెలెక్ట్ చేసి, కంట్రోల్ పట్టుకుని ‘ఈ’ అక్షరం రెండుసార్లు నొక్కితే ఫలితం పట్టికలా వచ్చేస్తుంది.

పాస్‌వర్డ్ దగ్గర మాత్రం జాగ్రత్త. సెట్టింగ్స్‌లో సేవ్ చేస్తే ఎవరైనా చదవగలిగేలా అలాగే ఉండిపోతుంది, ప్రాజెక్ట్‌తో పాటు గిట్‌లోకీ (కోడ్ మార్పులను దాచి, పంచుకునే వ్యవస్థ) వెళ్లిపోవచ్చు. కనెక్ట్ అయ్యేటప్పుడు అడిగే ఆప్షనే పెట్టుకోండి.