మోటారు గర్రుమంటోంది కానీ కారు రేడియో యాంటెన్నా పైకి లేవట్లేదా? మోటారు మార్చకండి

డిక్కీలో మోటారు చప్పుడు వినబడుతోందంటే మోటారు బతికే ఉంది. సాధారణంగా తెగేది లోపల యాంటెన్నా కడ్డీని తోసే పళ్ల నైలాన్ తాడు. 1992 హోండా అకార్డ్‌లాంటి పాత కార్లలో ఏళ్లు గడిచేకొద్దీ అది పెళుసుబారుతుంది. తాడుతో సహా కడ్డీ విడిగా దొరుకుతుంది, మొత్తం సెట్టు కొనక్కర్లేదు.

1. రేడియో ఆపి, బాడీ పైనున్న నట్టు విప్పండి.
2. ఒకరిని రేడియో ఆన్ చేయమని, మీరు కడ్డీని నిటారుగా పైకి లాగండి. తాడు పళ్లు ఎటు తిరిగి ఉన్నాయో చూసుకోండి.
3. అందరూ వదిలేసేది ఇక్కడే. పాత తాడును కొత్తదాని పక్కన పెట్టి కొలవండి. పొట్టిగా ఉంటే మిగతా ముక్క తాడు చుట్టుకునే మోటారు డ్రమ్ములోనే ఉండిపోయినట్టు. డిక్కీలోంచి మోటారు దింపి, మూత తీసి, ఆ ముక్క లాగేయాలి. లేకపోతే కొత్త తాడు దానికి తట్టుకుని మడతపడుతుంది. నేనూ మొదటిసారి అలాగే ఒక కొత్త కడ్డీ పాడు చేసుకున్నాను.
4. కొత్త తాడును పళ్లు అదే వైపు ఉండేలా దింపండి. గేరుకు తగిలాక రేడియో ఆపమనండి. మోటారే లాక్కుంటుంది, బలంగా తొయ్యొద్దు.
5. నట్టు బిగించి రెండుసార్లు ఆన్, ఆఫ్ చేయండి. కాస్త పైకి మిగిలిన కడ్డీ సర్దుకుంటుంది.

అసలు చప్పుడే లేకపోతే వేరే కథ. ముందు ఫ్యూజు, తర్వాత మోటారు కనెక్టరు దగ్గర 12 వోల్టులు, ఎర్తు చూడండి. రేడియో ఆన్ సిగ్నలు కూడా వస్తున్నా కదలకపోతేనే మోటారు మార్చండి.