సీసా నీళ్లు చెప్పనిది ఆల్చిప్ప చెబుతుంది

ప్రశ్న: సార్, మా అమ్మాయి డిగ్రీలో జువాలజీ చదువుతోంది. సముద్రంలో కలిసే రసాయనాలను ఆల్చిప్పలతో కనిపెడతారని వాళ్ల మేడం చెప్పారట. దానికింత తిప్పలెందుకు, సీసాలో నీళ్లు పట్టి ల్యాబ్‌కు పంపితే చాలదా? – ఒక పాఠకుడు, కడప

జవాబు: చాలదండీ. సీసా నీళ్లు ఆ పూట సంగతే చెబుతాయి. ఫ్యాక్టరీ వాళ్లు రాత్రి వదిలేసి, మీరు పొద్దున పోయి నీళ్లు పట్టారనుకోండి, ఏమీ దొరకదు. ఆల్చిప్ప అట్లా కాదు, ఉన్నచోటే అతుక్కుని గంటకు లీటరు దాకా నీళ్లు వడగట్టుకుంటూ తింటుంది కాబట్టి సీసం, కాడ్మియం లాంటి లోహాలు, డీడీటీ లాంటి పురుగుమందులు నెలల తరబడి దాని మాంసంలో పేరుకుంటాయి, ఒక్కోసారి నీళ్లలో ఉన్నదానికి వేల రెట్లు. చేప అయితే ఈదుకుంటూ పోతుంది, ఎక్కడి విషం తిన్నదో ఎవరికి తెలుసు!

ఈ ఆలోచనను 1975లో ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ అనే శాస్త్రవేత్త ముందుకు తెచ్చాడు. అమెరికాలో 1986 నుంచి ‘మసెల్ వాచ్’ (అంటే ఆల్చిప్పల నిఘా) పేరుతో తీరమంతా చేస్తున్నారు. ఆల్చిప్పలు లేని చోట శుభ్రమైన నీళ్లలోవి తెచ్చి వల సంచుల్లో వేలాడదీసి, కొన్ని వారాలాగి పరీక్షిస్తారు. చిక్కల్లా ఒకటే, వయసును బట్టి, గుడ్లు పెట్టే కాలాన్ని బట్టి లెక్క మారిపోతుంది, అందుకే ఒకే సైజువి, ఒకే సీజన్‌లో ఏరతారు.

కడపకు సముద్రం లేదని పాపను దిగులుపడొద్దనండి, మంచినీటి ఆల్చిప్పలూ ఇదే పని చేస్తాయి.